బాణీ ముందు... బొమ్మ తర్వాత

యానిమేషన్ బొమ్మకు సొంత శబ్దం ఉండదు. మామూలు సినిమా షూటింగులో కెమెరా తిరుగుతుంటే పక్కనే మైకు కూడా పనిచేస్తుంటుంది. నటుడు ఊపిరి పీల్చిన చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు, వీధి చివర వెళ్తున్న లారీ హారను... అడిగినా అడక్కపోయినా ఎంతో కొంత అందులోకి చేరుతుంది. గీసిన మనిషికి ఆ సౌకర్యం లేదు. అతని అడుగుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు, అతను మాట్లాడకుండా నిలబడినప్పుడు గదిలో ఉండే సన్నని హోరు కూడా ఎవరో విడిగా తయారుచేసి జోడించాల్సిందే. కాబట్టి యానిమేషన్ సిరీస్‌లో చెవిన పడే ప్రతి శబ్దమూ ఎవరో కావాలని పెట్టిందే.

ముఖం సంగతీ దాదాపు అంతే. మంచి నటి కళ్లలో నీళ్లు తిరగడానికి ముందు కనురెప్ప దగ్గర వచ్చే చిన్న కదలికను కెమెరా పట్టుకుంటుంది. గీసిన ముఖంలో ఉండేవి రెండు కళ్లు, ముక్కుకో గీత, నోటికో గీత. వారం వారం టీవీకి బొమ్మలు అందించాలంటే వాటిలోనూ పొదుపు చేయాలి. 1963లో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ని జపాన్‌లో వారానికో భాగం చొప్పున ప్రసారం చేయడానికి సిద్ధపడినప్పుడు ఆయన ముషి ప్రొడక్షన్ దగ్గర డబ్బూ లేదు, సమయమూ లేదు. సెకనుకు 24 ఫ్రేములు నడిచే ఫిల్ములో ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు నిలిపి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టే పద్ధతి అక్కడ స్థిరపడింది. శరీరం కదలదు, పెదవులు మాత్రం ఆడతాయి. ఒక్కోసారి అవీ ఆడవు. అలా ఆగిపోయిన బొమ్మ మీద చూపు నిలిచేలా చేసే పని సంగీతం నెత్తిన పడింది. తర్వాతి దశాబ్దాల్లో జపాన్ టీవీ యానిమేషన్‌లో సంగీతానికి దక్కిన పెద్దపీట వెనుక కళాదృష్టి ఎంత ఉందో, ఈ పేదరికమూ అంతే ఉంది.

అంటిపెట్టుకున్న సంగీతం

అమెరికా కార్టూన్లు మొదట వేరే దారి పట్టాయి. 1928లో వచ్చిన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ నుంచే డిస్నీ స్టూడియో బొమ్మ కదలికకూ తాళానికీ ముడి వేసింది. మిక్కీ అడుగు వేస్తే ఒక దెబ్బ, జారిపడితే ఒక గమకం. ఈ పద్ధతికి మిక్కీ మౌసింగ్ అనే పేరే స్థిరపడింది. దీన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లింది ఎంజీఎం స్టూడియోలో ‘టామ్ అండ్ జెర్రీ’కి సంగీతం కట్టిన స్కాట్ బ్రాడ్లీ. పిల్లి కనురెప్ప కొట్టుకున్నా, ఎలుక మునివేళ్ల మీద నడిచినా ఆయన ఆర్కెస్ట్రాలో ఏదో ఒక వాద్యం పలకాల్సిందే. 1947లో విడుదలైన ‘ది క్యాట్ కన్చెర్టో’లో టామ్ పియానో ముందు కూర్చుని ఫ్రాంజ్ లిస్ట్ రెండో హంగేరియన్ రాప్సడీ వాయిస్తుంటాడు. ఏడు నిమిషాల పైచిలుకు నిడివిలో ఒక్క మాట లేదు. కథ మొత్తం ఆ స్వరరచనే నడిపిస్తుంది. నవ్వు ఎప్పుడు రావాలో కూడా అదే చెబుతుంది. బ్రాడ్లీ అంతటితో ఆగలేదు. షోన్‌బర్గ్ పన్నెండు స్వరాల పద్ధతిని సైతం ఎలుక పరుగుల కోసం వాడుకున్నారు. కచేరీ హాలులో అదే సంగీతం విని మొహం చిట్లించేవాళ్లు కార్టూన్‌లో హాయిగా నవ్వుకున్నారు.

కదలికను ఇంత గట్టిగా అంటిపెట్టుకున్న సంగీతం నవ్వించడంలో సాటిలేనిది. ఏడిపించాల్సి వస్తే మాత్రం ఇబ్బంది పడుతుంది. కన్నీటి చుక్క జారుతుంటే వయొలిన్ కూడా కిందికి జారితే చూసేవాడికి చేయడానికి ఏమీ మిగలదు. దుఃఖానికి కొంత ఎడం కావాలి. యానిమేషన్ సిరీస్‌ల సంగీతం మనసును పట్టి కుదిపిన సందర్భాలు చూస్తే, దాదాపు అన్నింటిలోనూ సంగీతం బొమ్మకు కొంచెం దూరంగా నిలబడే ఉంటుంది. ఒక్కోసారి ఎదురుగా కూడా నిలబడుతుంది.

జాబితా ముందు, కథ తర్వాత

ఆ దూరం జపాన్‌లో పని పద్ధతి నుంచే వచ్చింది. తెలుగు సినిమావాళ్లు రీరికార్డింగ్ అనే పనిలో సంగీత దర్శకుడు ఎడిటింగ్ పూర్తయిన బొమ్మను తెర మీద చూస్తూ, ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో సెకన్ల లెక్కన రాసుకుని సంగీతం కడతాడు. జపాన్ టీవీ సిరీస్‌లకు సాధారణంగా ఇలా జరగదు. బొమ్మలు ఇంకా గీత దశలో ఉండగానే సంగీత దర్శకుడి చేతికి ఒక జాబితా వస్తుంది. ప్రశాంతమైన ఉదయం, తరుముకొచ్చే ప్రమాదం, నాయకుడి ఒంటరితనం, తేలికపాటి హాస్యం... ఇలా పదుల సంఖ్యలో సందర్భాలు, ఒక్కోదానికి ఇంత నిడివి అన్న సూచన ఉంటాయి. ఆయన వాటన్నింటికీ ముక్కలు కట్టి, కొద్ది రోజుల్లోనే రికార్డు చేసి ఇచ్చేస్తాడు. ఏ భాగంలో, ఏ సన్నివేశం కింద, ఏ ముక్కను ఏ క్షణంలో మొదలుపెట్టాలో శబ్ద దర్శకుడు నిర్ణయిస్తాడు.

ఖర్చు తగ్గించుకోవడానికి పుట్టిన ఏర్పాటిది. దీనివల్ల రెండు మేళ్లు జరిగాయి. ఒకటి, ప్రతి ముక్కకూ తనదైన ఎత్తుగడ, నడక, ముగింపు ఉంటాయి. ఫలానా మనిషి ఫలానా సెకనులో తలుపు మూశాడని మధ్యలో విరిగిపోదు. అందుకే ఈ సంగీతం ఆల్బమ్‌గా బయటికొచ్చినా దాని కాళ్ల మీద అది నిలబడుతుంది. రెండోది, ఒకే ముక్క పదేపదే వాడుకలోకి వస్తుంది. ‘నరుటో’కు తోషియో మసుదా కట్టిన ‘శాడ్‌నెస్ అండ్ సారో’ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. వేణువు ఎత్తుకోగానే, తెర మీద ఇంకా ఏమీ జరగకముందే, చూసేవారి గొంతు పూడుకుపోతుంది. అలవాటు చేసే పని అది. అతిగా వాడితే అదే బాణీ జోకుల పాలవుతుంది, అయింది కూడా.

అడగని బాణీలు

బాణీకీ బొమ్మకూ ఉన్న ఈ ఎడాన్ని బలంగా మార్చుకున్న సిరీస్ ‘కౌబాయ్ బీబాప్’. సన్‌రైజ్ స్టూడియో నిర్మించిన ఈ 26 భాగాల సిరీస్ 1998లో ప్రసారం మొదలుపెట్టింది. దర్శకుడు షినిచిరో వతనాబే, సంగీతం యోకో కన్నో. అంతకు ముందు 1994లో ‘మాక్రాస్ ప్లస్’కు ఇద్దరూ కలిసి పనిచేశారు. కథ 2071లో జరుగుతుంది. మనుషులు భూమిని దాదాపు వదిలేసి గ్రహాలమీదా ఉపగ్రహాలమీదా చెల్లాచెదురుగా బతుకుతుంటారు. నేరస్తులను పట్టిస్తే వచ్చే డబ్బుతో పొట్టపోసుకునే స్పైక్, జెట్, ఫే, ఎడ్ అనే అమ్మాయి, ఐన్ అనే కుక్క ‘బీబాప్’ అనే పాత ఓడలో కలిసి ఉంటారు. డబ్బు చేతికందిన రోజులు తక్కువ, ఫ్రిజ్ ఖాళీగా ఉన్న రోజులు ఎక్కువ.

ఈ సిరీస్ కోసం కన్నో సీట్‌బెల్ట్స్ పేరిట ఒక బృందాన్ని సమకూర్చారు. జాజ్, బ్లూస్, రాక్, బృందగానం, ఒక్కోచోట అచ్చం పల్లెటూరి గిటారు... అన్నీ అందులో ఉన్నాయి. దర్శకుడు ఫలానాది కావాలని అడిగేలోపే ఆమె అడగని బాణీలు చేసి తెచ్చేవారని వతనాబే ఇంటర్వ్యూల్లో చెప్పారు. వాటిని విని ఆయనకు కొత్త సన్నివేశాలు తట్టేవి. ఆ సన్నివేశాలు చూసి ఆమె మరో బాణీ కట్టేవారు. ఇద్దరూ బంతిని అటూ ఇటూ విసురుకున్నట్టు పని సాగింది. తెలుగు సినిమా పాటల్లో ముందు ట్యూన్ కట్టి ఆపైన సాహిత్యం రాయించడం మామూలే. బీబాప్‌లో ట్యూన్ మీద ఏకంగా సన్నివేశాలనే రాశారు.

సంగీతం మీద ఈ సిరీస్‌కున్న మోజు పైకే కనిపిస్తుంది. ఇక్కడ భాగాన్ని భాగం అనరు, సెషన్ అంటారు. ‘ఆస్టరాయిడ్ బ్లూస్’, ‘వాల్ట్జ్ ఫర్ వీనస్’, ‘జుపిటర్ జాజ్’, ‘బొహీమియన్ రాప్సడీ’ వంటి పేర్లు పెట్టారు. ప్రారంభ గీతం ‘ట్యాంక్!’లో బాంగోలు, డబుల్ బాస్, ఒక్కసారిగా విరుచుకుపడే ట్రంపెట్లు, వాటన్నింటి మీదుగా దూసుకెళ్లే శాక్సఫోన్ వినిపిస్తాయి. తెర మీద నీడబొమ్మలు పరిగెడుతుంటే వెనక సన్నని అక్షరాలు కదులుతుంటాయి. ఆగి చదివితే అవి 1941లో న్యూయార్క్‌లోని మింటన్స్ ప్లేహౌస్ అనే క్లబ్బులో బీబాప్ జాజ్ ఎలా రూపుదిద్దుకుందో చెబుతాయి. నాట్యం ఆడించే బ్యాండ్ల నియమాల మీద విసిగిన వాద్యకారులు రాత్రుళ్లు తమ ఇష్టం వచ్చినట్టు వాయించుకున్న చోటు అది. టీవీ యానిమేషన్ నియమాల నుంచి తామూ అలాగే బయటపడుతున్నామని సిరీస్ మొదటి నిమిషంలోనే ఒక మాట వేసేసింది.

హుషారు పుట్టించడం వరకు చాలామందికి చేతనవుతుంది. బీబాప్ సంగీతం గుర్తుండిపోయింది దాని విషాదం వల్ల. ఐదో సెషన్ ‘బల్లాడ్ ఆఫ్ ఫాలెన్ ఏంజెల్స్’లో స్పైక్ తన పాత మిత్రుడూ ప్రస్తుత శత్రువూ అయిన విషస్‌ను పాడుబడ్డ చర్చిలో ఎదుర్కొంటాడు. తుపాకీ ఒకరి చేతిలో, కత్తి మరొకరి చేతిలో. చివరికి విషస్ అతన్ని చర్చి పెద్ద రంగుటద్దాల కిటికీ లోంచి బయటికి విసిరేస్తాడు. గాజు పగిలిన క్షణం నుంచి పోరాటపు చప్పుళ్లన్నీ మాయమవుతాయి. పియానో, దాని మీద లేత గొంతుల బృందగానం మొదలవుతాయి. ‘గ్రీన్ బర్డ్’ అనే ఆ పాటలోని పదాలు వినేవారికి అర్థం కావు, కానక్కరలేదు. గాజు ముక్కల మధ్య మనిషి నెమ్మదిగా పడుతుంటాడు. మధ్యమధ్య రంగు వెలిసిన జ్ఞాపకాలు వస్తుంటాయి. కాల్పులు, నెత్తురు, ఒక స్త్రీ ముఖం. ఆమె ఎవరో సిరీస్ అప్పటికి చెప్పలేదు. మాటల్లో చెప్పనిదాన్ని పాట కూడా చెప్పదు. చావుకు దగ్గరపడుతున్న మనిషి కింద నిద్రపుచ్చే జోలలాంటి సంగీతం పెట్టడంతో, అతనికి ఈ పడిపోవడం ఏదో ఒక విశ్రాంతిలా ఉందేమోనన్న అనుమానం చూసేవారిలో దానంతటదే పుడుతుంది. సిరీస్ ఆఖరిదాకా ఆ అనుమానం వెంటాడుతుంది.

ఆ వెంటనే వచ్చే సన్నివేశం మరీ గడుసుగా ఉంటుంది. ఒళ్లంతా కట్లతో స్పైక్ ఓడలో కళ్లు తెరుస్తాడు. పక్కన కూర్చున్న ఫే ఏదో కూనిరాగం తీస్తుంటుంది. అతను దగ్గరికి రమ్మని సైగ చేసి, శ్రుతి తప్పుతున్నావని చెబుతాడు. ఆమె దిండు పెట్టి బాదుతుంది. బృందగానంతో బరువెక్కిన మనసును ఒక అపస్వరంతో నేలమీదికి దించేశారు. సంగీతం గురించి ఇంత బాగా తెలిసినవాళ్లే అపస్వరాన్ని ఇలా వాడగలరు.

ఇరవై నాలుగో సెషన్ ‘హార్డ్ లక్ ఉమన్’ చివర ఇంకా సాదాగా ఉంటుంది. ఎడ్ తన తండ్రిని వెతుక్కుంటూ ఓడ విడిచి వెళ్లిపోతుంది. కుక్క కూడా ఆమె వెంట పోతుంది. ఫే అప్పటికే తన పాత ఇంటి ఆనవాళ్లు చూసుకోవడానికి వెళ్లింది. స్టీవ్ కాంటీ పాడిన ‘కాల్ మీ కాల్ మీ’ వినిపిస్తుంటుంది. ఓడలో బల్ల మీద అందరికీ కలిపి ఉడికించిన గుడ్లు ఉంటాయి. తినడానికి స్పైక్, జెట్ ఇద్దరే మిగిలారు. ఒకరినొకరు చూసుకోరు, మాట్లాడుకోరు. గుడ్డు తర్వాత గుడ్డు నోట్లో కుక్కుకుంటూ, రానివాళ్ల వాటా కూడా తినేస్తారు. గుడ్లు తింటున్న ఇద్దరు మగవాళ్లను గీయడంలో విశేషమేమీ లేదు. శబ్దం తీసేసి చూస్తే ఆకలి మీదున్న మనుషుల్లాగే ఉంటారు. పాటతో చూస్తే ఇల్లు ఖాళీ అవుతోందని తెలుస్తుంది.

ముగింపు గీతాల విషయంలోనూ ఇదే లెక్క పాటించారు. మాయ్ యమనే బొంగురు గొంతుతో పాడిన ‘ది రియల్ ఫోక్ బ్లూస్’ వారం వారం చివర్లో వినిపిస్తుంది. ఆ అలవాటును రెండే రెండు సార్లు తప్పించారు. పదమూడో సెషన్‌లో, గురుగ్రహ ఉపగ్రహం మీద శాక్సఫోన్ వాయించుకుని బతికే గ్రెన్ అనే మాజీ సైనికుడు గాయాలతో తన చివరి ప్రయాణం మొదలుపెట్టినప్పుడు, ముగింపు గీతం స్థానంలో ‘స్పేస్ లయన్’ అనే సుదీర్ఘమైన ముక్క వస్తుంది. మొదట శాక్సఫోన్ ఒంటరిగా పలుకుతుంది. తర్వాత డోళ్లు, గుంపు గొంతులు వచ్చి చేరతాయి. రెండోసారి, ఇరవై ఆరో సెషన్ ఆఖరున, మళ్లీ యమనే గొంతుతోనే ‘బ్లూ’ వస్తుంది. మెట్ల మీద పడి ఉన్న స్పైక్‌ను విడిచి కెమెరా ఆకాశంలోకి లేస్తుంది. అతను బతికాడా పోయాడా అన్నది వతనాబే తేల్చలేదు. ఇన్ని వారాలుగా విన్న పాట రాకపోవడమే చూసేవారికి ఒక జవాబు చెప్పేస్తుంది. ఒకే ముగింపు గీతాన్ని వారాల తరబడి అరగదీయడంలో ఉన్న అసలు ప్రయోజనం ఇదే. రాని రోజున దాని లోటు తెలుస్తుంది. రెండు గంటల సినిమాకు ఈ వీలు లేదు.

సంగీతం ఒక్కటే చాలదని 2021లో నెట్‌ఫ్లిక్స్ నటీనటులతో తీసిన ‘కౌబాయ్ బీబాప్’ తేల్చింది. మళ్లీ కన్నోయే సంగీతం ఇచ్చారు. ‘ట్యాంక్!’నూ పాత టైటిల్స్‌నూ భక్తిగా తిరిగి తీశారు. నవంబరులో విడుదలైన సిరీస్‌ను డిసెంబరులోనే ఆపేశారు. ఆ వైఫల్యానికి రచన దగ్గర్నుంచి నిర్మాణం దాకా కారణాలు వెతికినవాళ్లు చాలామందే ఉన్నారు. సంగీతం వరకు చూస్తే ఒక్కటి చెప్పుకోవచ్చు. నిజమైన ముఖాలు, నిజమైన సెట్లు తమ సంగతి తామే చెప్పుకుంటుంటే, గీతల మధ్య ఖాళీని నింపడానికి పుట్టిన బాణీలకు అక్కడ కూర్చునే చోటు దొరకలేదు.

కన్నో సొంతూరు సెందాయ్. 2011 భూకంపం, సునామీ ధాటికి అతలాకుతలమైన ప్రాంతమది. బాధితుల కోసం 2012లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే విడుదల చేసిన ‘హానా వా సాకు’ పాటకు బాణీ ఆమెదే. పెద్ద హంగులేవీ లేకుండా, స్కూలు పిల్లలు కూడా పాడుకునేంత తేలిగ్గా కట్టారు. బీబాప్ చూసినవాళ్లకు ఆ సాదాతనం కొత్తగా అనిపించదు.

ఆగిన బొమ్మ

దూరాన్ని ఇంకా సాగదీస్తే ఏమవుతుందో ‘నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్’ చూపించింది. హిదెయాకి అన్నో దర్శకత్వంలో 1995-96లో వచ్చిన సిరీస్ ఇది. సొంత సంగీతం షిరో సగిసుది. అయినా చాలామందికి మొదట గుర్తొచ్చేది బీథోవెన్. ఇరవై నాలుగో భాగంలో కవోరు అనే కుర్రాడు చెరువు ఒడ్డున తొమ్మిదో సింఫనీలోని ఆనందగీతాన్ని కూనిరాగంగా తీస్తూ కథలోకి వస్తాడు. కథానాయకుడు షింజీకి దొరికిన ఒకే ఒక్క ఆప్తుడు అతను. అదే భాగం చివర షింజీ తాను నడిపే మహాయంత్రం గుప్పిట్లో అతన్ని పట్టుకుని ఉంటాడు. చంపక తప్పదు. బొమ్మ ఆగిపోతుంది. ఒక నిమిషం పాటు తెర మీద ఏమీ కదలదు. బీథోవెన్ బృందగానం మాత్రం శిఖరం వైపు ఎగబాకుతూ ఉంటుంది. ఉన్నట్టుండి అది తెగిపోయి, నీళ్లలో ఏదో పడిన చప్పుడు వినిపిస్తుంది.

నిధుల కొరత వల్ల వచ్చిన ఆగిన బొమ్మనే ఇక్కడ ఆయుధంగా మార్చుకున్నారు. ఆ నిమిషంలో చూసేవారు బొమ్మను చూడటం మానేసి షింజీ నిర్ణయం కోసం ఎదురుచూడటం మొదలుపెడతారు. మానవజాతి సోదరభావాన్ని కీర్తించే సంగీతం కింద స్నేహితుణ్ని చంపించడం క్రూరమైన ఎంపిక. ఫ్రెంచ్ సినీ సిద్ధాంతకర్త మిషెల్ షియాన్ సినిమా సంగీతాన్ని రెండు రకాలుగా విడదీశారు. పాత్ర బాధపడితే తానూ బాధపడేది ఒక రకం. పాత్ర ఏమైపోయినా తనకేమీ పట్టనట్టు సాగిపోయేది రెండో రకం. ఆయన లెక్కలో ఈ రెండోది బాధను మరింత పెంచుతుంది. ఇదే సిరీస్‌లో, లిఫ్టులో పక్కపక్కన నిలబడిన ఇద్దరమ్మాయిలను సంగీతమన్నదే లేకుండా దాదాపు అంతే సేపు నిలిపి చూపించిన సన్నివేశమూ ఉంది. నిశ్శబ్దం సైతం ఎవరో కొలిచి పెట్టిందే కదా.

పోరాటం కింద విషాదం

అమెరికాలో నికలోడియన్ ఛానెల్ 2005 నుంచి 2008 వరకు ప్రసారం చేసిన ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ పని పద్ధతిలో జపాన్ సిరీస్‌లకు భిన్నం. 61 భాగాలకూ జెరెమీ జుకర్‌మన్ బొమ్మను చూస్తూ భాగం భాగానికీ సంగీతం కట్టారు. బెంజమిన్ విన్ శబ్దాలు రూపొందించారు. పిల్లల ఛానెల్ కాబట్టి అడుగడుక్కీ మోత పెట్టాలని ఎవరైనా ఆశిస్తారు. ఇద్దరూ అందుకు లొంగలేదు.

చివరి కథలో అన్నాచెల్లెళ్లు జుకో, అజులా సింహాసనం కోసం అగ్నితో తలపడతారు. ఆ ద్వంద్వయుద్ధం పేరు అగ్ని కాయ్. అతనిది నారింజ మంట, ఆమెది నీలం మంట. తెర నిండా నిప్పే. మామూలుగా అయితే డోళ్లు, బూరలు మోగాల్సిన చోటు. జుకర్‌మన్ అక్కడ నెమ్మదైన తీగవాద్యాలను పెట్టారు. మంటల గర్జనను బాగా తగ్గించేశారు. గెలుపోటముల ఉత్కంఠ వెనక్కి వెళ్లి, ఒకే ఇంట్లో ఒకే తండ్రి చేతిలో చెడిపోయిన ఇద్దరు పిల్లల కథ ముందుకొస్తుంది. గొలుసులతో కట్టేసిన అజులా చివర్లో వెక్కి వెక్కి ఏడుస్తుంటే చూసేవారికి ఆశ్చర్యం కలగదు. సంగీతం ఆ ఏడుపును పోరాటం మొదట్లోనే చెప్పేసింది.

ఈ సిరీస్‌లో అంతకన్నా చిన్నదీ, అంతకన్నా లోతుగా దిగేదీ అయిన ఒక పాట ఉంది. 2006లో వచ్చిన రెండో పుస్తకంలోని, అంటే రెండో సీజన్‌లోని, ‘ద టేల్స్ ఆఫ్ బా సింగ్ సే’లో వృద్ధుడైన ఐరో ఒక రోజంతా నగరంలో తిరుగుతుంటాడు. ఏడుస్తున్న ఒక పిల్లాణ్ని ఊరడించడానికి తంత్రీవాద్యం పట్టుకుని, యుద్ధం నుంచి ఇంటికొచ్చే సిపాయి పిల్లాడి పాట ఒకటి సరదాగా పాడతాడు. పిల్లాడు నవ్వి ఆయన గడ్డం లాగుతాడు. సాయంత్రం ఆయన ఊరవతల గుట్ట మీద, ఒక చెట్టు కింద చిన్న పటం పెట్టి, అగరొత్తులు వెలిగిస్తాడు. పటంలో ఉన్నది యుద్ధంలో చనిపోయిన ఆయన కొడుకు లూ టెన్. మళ్లీ అదే పాట అందుకుంటాడు. ఈసారి గొంతు పెగలదు. మాట మారలేదు, బాణీ మారలేదు. పొద్దున విన్నప్పుడు అది పిల్లల పాట. సాయంత్రానికి ఆ సిపాయి ఎవరో తెలిసిపోయింది. ఐరోకు గొంతునిచ్చిన నటుడు మాకో ఆ ఏడాది జులైలో కన్నుమూశారు. ఈ కథను ఆయనకే అంకితమిచ్చారు.

ఒళ్లెందుకు గగుర్పొడుస్తుంది

రెండోసారి విన్నప్పుడే ఎందుకు కదిలిస్తుందన్నదానికి ప్రయోగశాలల నుంచి కొంత సమాధానం వచ్చింది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వలోరీ సాలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో, తమకిష్టమైన సంగీతం వింటూ ఒళ్లు గగుర్పొడిచే అనుభవం పొందేవారి మెదడును పరిశీలించారు. ఉద్వేగం శిఖరానికి చేరినప్పుడు డోపమీన్ విడుదలైంది. అది రాబోతోందని ఎదురుచూసే కొద్ది సెకన్లలో కూడా, మెదడులోని మరో భాగంలో విడుదలైంది. ఎదురుచూడాలంటే ముందే తెలిసి ఉండాలి. వారాల తరబడి ఒక బాణీని చెవికి అలవాటు చేసే సిరీస్ ఈ ఎదురుచూపును ఇటుక మీద ఇటుకగా పేర్చుకుంటూ వస్తుంది. బాణీతో పాటు దాన్ని విన్న సందర్భమూ జ్ఞాపకంలో కలిసిపోవడం వల్ల, ఆ తర్వాత ఏ బస్సులోనో ఇయర్‌ఫోన్లలో విన్నా సన్నివేశం మొత్తం తిరిగొస్తుంది.

భారీతనం దీనికి ప్రత్యామ్నాయం కాదు. 2013లో మొదలైన ‘అటాక్ ఆన్ టైటన్’కు హిరోయుకి సవానో జర్మన్ పదాలతో, బృందగానంతో, విద్యుత్ గిటార్లతో కట్టిన సంగీతం మొదటి దెబ్బకు కుర్చీలోంచి లేపుతుంది. వరసగా నాలుగు భాగాలు చూస్తే చెవి అలిసిపోతుంది కూడా. 2019లో వచ్చిన ‘డీమన్ స్లేయర్’ పంతొమ్మిదో భాగం ఈ సంగతి బాగా పట్టుకుంది. సాలెగూడు రాక్షసుడితో తంజిరో ప్రాణాలకు తెగించి పోరాడే చోట గో షియినా కట్టి, నామి నకగావా పాడిన ‘కమాదో తంజిరో నో ఉతా’ మెల్లగా, తల్లి లాలిపాటలా మొదలవుతుంది. కత్తివేటు ఎంత వేగంగా పడుతుంటే పాట అంత మృదువుగా ఎత్తుకుంటుంది. యుఫొటేబుల్ స్టూడియో గీసిన మంటల గురించి ఎంతో రాశారు. ఆ మంటలకు వేడి తెచ్చింది మాత్రం ఈ నెమ్మదైన ఎత్తుగడే.

గొంతు మారినా

తెలుగు ప్రేక్షకుడికి ఈ సిరీస్‌లు ఎక్కువగా డబ్బింగ్‌లో చేరుతున్నాయి. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ సినిమా తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. డబ్బింగ్‌కు ఇచ్చేటప్పుడు మాటలు తీసేసి, సంగీతమూ శబ్దాలూ ఉన్న ట్రాకును విడిగా పంపుతారు. ఎం అండ్ ఈ ట్రాక్ అంటారు దాన్ని. దాని మీద తెలుగు గొంతులు ఎక్కుతాయి. అంటే టోక్యోలో మిక్స్ చేసినది వరంగల్లో, రాజమండ్రిలో యథాతథంగా వినిపించేది ఆ ఒక్కటే. మాటల అనువాదం బాగున్నా, నవ్వు తెప్పించేలా ఉన్నా, సంగీతం జోలికి ఎవరూ రారు. పెద్దపిల్లలు చూసే సిరీస్‌ల పాటలను సాధారణంగా జపనీస్‌లోనే ఉంచేస్తున్నారు. చిన్నపిల్లల ఛానెళ్లలో మాత్రం టైటిల్ పాటను భారతీయ భాషల్లోకి మార్చే అలవాటు ఉంది.

ఆ అలవాటుకు అందరికన్నా పేరు తెచ్చిన ఉదాహరణ హిందీలోది. నిప్పన్ యానిమేషన్ 1989లో తీసిన 52 భాగాల ‘జంగిల్ బుక్’ 1990ల తొలి ఏళ్లలో దూరదర్శన్‌లో ఆదివారాలు వచ్చేది. షేర్ ఖాన్‌కు నానా పాటేకర్ గొంతు. జపాన్ టైటిల్ పాటను పక్కనపెట్టి గుల్జార్ కొత్త పాట రాశారు. అప్పటికింకా పెద్దగా పేరు రాని విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన తెలుగు ఇళ్లలోని పిల్లలు కూడా దాన్ని పదాలు తప్పుల తడకగా, రాగం మాత్రం తప్పకుండా పాడుకున్నారు. 2016లో డిస్నీ సంస్థ కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో తీసిన ‘ది జంగిల్ బుక్’ను హిందీలో విడుదల చేసినప్పుడు ప్రచారం కోసం ఈ పాటనే ఆ ఇద్దరితో మళ్లీ చేయించారు. ఆ సినిమాకూ జపాన్ బొమ్మలకూ నేరుగా ఏ సంబంధమూ లేదు.